సింహానికి రెండు తోకలు: తోకమాటల ప్రాజెక్టు డైరీ

సెప్టెంబరు 6, శనివారం

ఎనిమిదో తరగతి పిల్లవాడు ఒకడు సెలవు చీటీ రాసుకొచ్చాడు. ఏదో కార్డు కోసం క్యూలో నిలబడాల్సి వచ్చిందట. క్యూ అనే మాటకు ఇంగ్లీషు అక్షరమాలలో పదిహేడో అక్షరం ఒక్కటే రాసి ఊరుకున్నాడు. మిగతా నాలుగు అక్షరాలు ఏవిరా అని అడిగితే, "పలికేది ఒక్కటే కదా టీచర్, తక్కినవి వెనక ఊరికే వేలాడుతున్నాయి" అన్నాడు.

వేలాడక ఏం చేస్తాయి, అది తోక కదా అన్నాను. తరగతి అంతా నవ్వింది. నేను హాస్యానికి అన్నమాట కాదు. ఫ్రెంచిలో ఆ మాటకు అర్థం తోకే. లాటిన్‌లో తోకను కౌడా అనేవారు, అదే అరిగి అరిగి ఫ్రెంచిలో అలా తేలింది. ఇంగ్లీషువాళ్ళు దాన్ని మొదట వంశచిహ్నాల మీద గీసే జంతువుల తోకకు వాడారు, తరువాత మగవాళ్ళు వెనక వేసుకునే జడకు వాడారు, మనుషుల వరసకు వాడటం ఆ తరువాతే. ఫ్రెంచి విప్లవం నాటి రొట్టెల దుకాణాల ముందు జనం బారులు తీరడం గురించి చరిత్రకారుడు కార్లైల్ 1837లో రాసినప్పుడు ఇంగ్లీషు పాఠకులకు అది ఇంకా కొత్త మాటే.

"ఇలా తోకలున్న మాటలు ఇంకా ఉన్నాయా టీచర్?" అని ముందు బెంచీ నుంచి ఒక అమ్మాయి అడిగింది. అప్పుడే బెల్లు కొట్టారు.

నవంబరు 14 ప్రదర్శనకు మా ఇంగ్లీషువాళ్ళ వంతు ఏటా చార్టులే. పక్కన సైన్సువాళ్ళ అగ్నిపర్వతం పొగలు కక్కుతుంటే మా చార్టు వైపు చూసేవారెవరు? ఈసారి చార్టు లేదు. కర్రబొమ్మలు చేయిద్దాం. తోక పట్టుకుని లాగితే ఊడి రావాలి, ఊడిన తోక మొదట్లో మాట రాసి ఉండాలి. కొండపల్లి ఇరవై కిలోమీటర్ల దూరంలో ఉండగా థర్మోకోల్ కోయడం నాకే సిగ్గుగా ఉంది.

సెప్టెంబరు 7

పిల్లలు ఒక్క రాత్రిలో ముప్ఫై మాటలు పట్టుకొచ్చారు. ఎలా పట్టారో చూడగానే తెలిసింది: నిఘంటువులో టైల్, అంటే తోక, అన్న అక్షరాలు ఎక్కడ కనబడితే అక్కడ గీత గీశారు. రీటైల్, డీటైల్, టైలర్, కర్టైల్. లోపల దాక్కున్న తోక ఒక్కదాన్ని కూడా పట్టలేదు.

వాళ్ళ జాబితాలోంచి కొన్ని, నావి కొన్ని కలిపి పది బొమ్మలు అనుకున్నాను. ఉడుత, సింహం, కుందేలు, కుక్క, ఆవు, గుర్రం, కోడి, పావురం, కప్ప, కోతి. కోతి చేతిలో కత్తెర పెట్టి టైలర్ అనాలని పిల్లల ముచ్చట. సరే అన్నాను. ఆ సరే అనడం తప్పని తరువాత తేలింది, అది వేరే తేదీ కింద వస్తుంది.

సెప్టెంబరు 13, శనివారం

మధ్యాహ్నం బడి అయ్యాక నలుగురు పిల్లలతో కొండపల్లి బస్సెక్కాను. ఇబ్రహీంపట్నం దాటాక కొండ మీది కోట కనబడగానే కిటికీ సీటు కోసం తగాదా.

మా పెదనాన్నగారికి తెలిసిన బొమ్మల పనివారు ఒకరున్నారు. డెబ్బై దగ్గర పడిన మనిషి. నేను బాబాయిగారూ అంటాను, ఆయన నన్ను టీచరమ్మా అంటారు. విషయమంతా విని, "తోక ఊడే బొమ్మలా? మా నాన్న చూస్తే నన్ను తన్నేవాడు. తోక ఊడకుండా చేయడానికే కదమ్మా ఇన్నేళ్ళు కష్టపడ్డాం" అన్నారు. అయినా ఒప్పుకున్నారు.

ఆయన కర్ర చేతికిచ్చి పట్టుకోమన్నారు. తెల్ల పొణికి. ఎత్తితే బెండులా తేలిక, గోటితో నొక్కితే గుంట పడుతుంది. సన్నని సెగ మీద తడి పోయేదాకా కాచి, ఆ తరువాతే ఉలి పెడతారు. కొండపల్లి బొమ్మ ఒకే ముక్కలో చెక్కేది కాదు. తల వేరు, చేతులు వేరు, తోక వేరు. చింతగింజలు వేయించి, నానబెట్టి, పొట్టు తీసి రుబ్బి, ఉడికించిన జిగురులో రంపపు పొట్టు కలిపితే వచ్చే ముద్దను మక్కు అంటారు. అతుకులన్నీ ఆ మక్కుతోనే. ఆరాక ఆకురాయితో రుద్దితే అతుకు ఎక్కడుందో చేసినవాడికి కూడా గుర్తుండదు.

పిల్లలు మక్కు పిసకడం మొదలుపెట్టారు. వాసన బాగాలేదని ఒకడు, బాగానే ఉందని ఒకడు. ఒక పిల్ల మక్కుతోనే పాములాంటిది చేసి, "ఇందులో ఎక్కడిదాకా పాము, ఎక్కడినుంచి తోక టీచర్?" అంది. నేను బాబాయిగారి వైపు చూశాను. ఆయన ఆకురాయి కోసం వెతకడం మొదలుపెట్టారు.

ఇవాళ అయిన పని: ఉడుత ఒళ్ళు, ఆవు ఒళ్ళు, కుక్క సగం. ఖర్చు 640 రూపాయలు, అందులో 90 జంతికలకు.

సెప్టెంబరు 20

కుక్కతోకతో వచ్చిన తంటా ఇంతా అంతా కాదు.

కుక్కకు వంపు తిరిగిన తోక కావాలి. పొణికి కర్రలో వంపు చెక్కితే పొర అడ్డం పడి టప్పుమని విరిగింది. రెండోది చెక్కితే రెండోదీ విరిగింది. సరే, పేము బద్ద తెచ్చి ఆవిరి మీద వంచి, దారంతో కట్టి, రెండు రోజులు ఎండబెట్టాం. దారం విప్పగానే నిదానంగా, మా కళ్ళముందే, సాపు అయిపోయింది. మళ్ళీ వంచాం, మళ్ళీ సాపు అయింది. కుక్కతోక వంకర ఎవరూ తీయలేరని తెలుగునాట పుట్టినవాళ్ళందరూ చెబుతారు. ఎవరూ తీయకుండానే వంకర పోయిన కుక్కతోక మా ఒక్కరి దగ్గరే ఉంది.

చివరికి ఇనుప తీగ వంచి దాని మీద మక్కు మెత్తాం. నిలిచింది.

ఈ కుక్క మాట సైనోజూర్. గ్రీకులో కునోసూరా అంటే కుక్కతోక. మన లఘు సప్తర్షి మండలానికి గ్రీకులు ఒకప్పుడు పెట్టుకున్న పేరు అది. ఫినీషియన్ నావికులు దాన్ని చూసుకుంటూ ఓడలు నడిపేవారని గ్రీకులే చెప్పుకున్నారు. అందరూ కళ్ళప్పగించి చూసేది కనుక, నలుగురి దృష్టినీ లాగే మనిషికో వస్తువుకో ఇంగ్లీషులో ఆ పేరు స్థిరపడింది. పెళ్ళికూతురిని సైనోజూర్ అని పొగిడారంటే కుక్కతోక అన్నట్టే లెక్క. ఇది విని పిల్లలు ఎంత సంతోషించారో చెప్పలేను. సోమవారం నుంచి బడిలో ఎవరు ఎవరిని ఆ మాట అంటారో అని భయంగా ఉంది.

సెప్టెంబరు 27

కోతి పోయింది. సొంత తప్పు కనుక వివరంగా రాస్తున్నాను.

తోకలకు మఖమలు పీలికలు కావాలని విజయవాడ వన్‌టౌన్‌లో, వస్త్రలత బట్టల మార్కెట్టుకు అవతల సందులో మాకు జాకెట్లు కుట్టే దర్జీ దగ్గరికి వెళ్ళాను. మిషను కింద రాలిన ముక్కలన్నీ సంచీలో పోసి ఇచ్చారు. ఎందుకని అడిగితే చెప్పాను, మీ పేరుకు కూడా ఒక కోతి ఉందండీ అని. ఆయన నవ్వలేదు.

"టైలర్‌కు తోకేమిటి మేడమ్? నేను కత్తిరించేవాడిని."

ఆయన ఇంగ్లీషు చదువుకున్నవారేమీ కాదు, కానీ చెప్పింది అక్షరాలా నిజం. ఇంటికొచ్చి నిఘంటువు తిరగేస్తే తలకొట్టేసినట్టయింది. టైలర్ వచ్చింది తాయే అనే ఫ్రెంచి క్రియ నుంచి. కత్తిరించు అని అర్థం. దాని మూలం లాటిన్ తాలియా, అంటే నరికిన కొమ్మ. రీటైల్ అంటే తానులోంచి ముక్క కోసి అమ్మడం. డీటైల్ అంటే ముక్కముక్కలుగా కోయడం. వీటిలో ఒక్కదానికీ తోక లేదు. అన్నీ కత్తెర వంశమే. తోకకు ఇంగ్లీషువాళ్ళ సొంత మాట వేరే ఇంటినుంచి వచ్చింది, పాత ఇంగ్లీషులో దాని రూపం తైగ్ల్ లాంటిది. దాని చుట్టమైన ఒక మాటకు, గోతిక్ అనే పాత జర్మానిక్ భాషలో, వెంట్రుక అని అర్థం. రెండు వేరు ఊళ్ళ మనుషులకు ఒకే ఇంటిపేరు ఉన్నట్టు, అంతే.

రీటైల్‌కు మనవాళ్ళు చిల్లర వ్యాపారం అన్నారు చూడండి. చిల్లర అన్నా చిన్న ముక్కలే. తోకలు లెక్కపెట్టకుండా పని చూసి పేరు పెట్టారు.

అంటే పిల్లలు అక్షరాల్లో చూసిన తోకలు తోకలు కావు, అసలు తోకలున్న చోట అక్షరాల్లో తోక కనబడదు. ప్రాజెక్టు పేరు మార్చాలా అనుకున్నాను. అక్కర్లేదు, కోతిని తీసేస్తే చాలు. కోతికి కత్తెర చెక్కిన పిల్లవాడు సాయంత్రం దాకా నాతో మాట్లాడలేదు. ఆ కత్తెరను విడిగా ఒక అట్ట మీద అంటించి, దాని కింద మూడు మాటలూ రాయమని వాడికే చెప్పాను. కాస్త మెత్తబడ్డాడు.

మరి కర్టైల్? అది రెండింటికీ మధ్యన ఉంది. దాని సంగతి బాబాయిగారి దగ్గర తేలాలి.

సెప్టెంబరు 30

నిన్న మూలా నక్షత్రం. అత్తయ్యను తీసుకుని అమ్మవారి దర్శనానికి వెళ్ళాను. వినాయకుడి గుడి దగ్గర మొదలుపెట్టి కొండ పైకి చేరేసరికి మూడున్నర గంటలు. మైకులో మాటిమాటికీ "భక్తులు క్యూలైనులో రావాలి" అంటున్నారు. క్యూ అంటే తోక, లైను అంటే వరస, కనుక తోకవరస. ఇంద్రకీలాద్రి మలుపుల మీద పైనుంచి చూస్తే మాత్రం అది తోకే. కొండ చుట్టూ చుట్టుకుని చివర ఎక్కడో కృష్ణ ఒడ్డున ఆడుతోంది.

బొమ్మల పని ఏమీ జరగలేదు.

అక్టోబరు 5, ఆదివారం

సింహం దగ్గర గొడవ అయింది.

కౌవర్డ్ అంటే పిరికివాడు. లోపల ఉన్నది పాత ఫ్రెంచి తోక, దాని వెనక తిట్టుకు అతికించే ప్రత్యయం. తాగుబోతును ఇంగ్లీషులో డ్రంకర్డ్ అంటామే, ఆ చివరి ముక్కే ఇదీ. మొత్తం కలిపి తోకగాడు అనుకోవచ్చు. వెన్ను చూపి పరిగెత్తేవాడి తోక కనబడుతుంది కనుకనో, భయపడ్డ జంతువు కాళ్ళ మధ్య తోక దూర్చుకుంటుంది కనుకనో ఆ పేరు. మన తోక ముడవడం కూడా ఇదే బొమ్మ. పాత ఫ్రెంచి నక్క కథల్లో కుందేలు పేరే కోవార్. అందుకే మొదట కుందేలు అనుకున్నాను. కానీ కుందేలు తోక చిటికెనవేలు గోరంత. లాగడానికి పట్టు దొరకదు.

యూరపు వంశచిహ్నాల్లో తోకను వెనక కాళ్ళ మధ్య దాచుకున్న సింహం బొమ్మ ఒకటుంది, దాని పేరే కౌవర్డ్ సింహం. అది చేద్దాం అన్నాను.

బాబాయిగారు ఉలి కింద పెట్టేశారు.

"టీచరమ్మా, నేను దశావతారాలు చేశాను. నరసింహస్వామిని ఎన్నిసార్లు చేశానో లెక్కలేదు. ఈ చేతితో సింహానికి తోక ముడవను."

"బొమ్మే కదా బాబాయిగారూ."

"బొమ్మే కనుక ముడవను. అడవిలోదైతే దాని ఇష్టం."

పిల్లలు బిక్కమొహాలు వేశారు. చివరికి ఆ ముందు బెంచీ అమ్మాయే దారి చూపింది. సింహానికి రెండు తోకలు చేద్దాం తాతగారూ, ఒకటి పైకెత్తింది మీరు చేయండి, ముడిచింది మేం చేస్తాం, ఎవరికి కావలసింది వాళ్ళు తగిలించుకుంటారు అంది. రెండు తోకల సింహం నిజంగానే ఉంది, చెక్ దేశపు రాజముద్ర మీద చూడవచ్చు, అది మాత్రం రెండూ ఒకేసారి పైకెత్తుకుని ఉంటుంది. ఆ మాట చెప్పాక బాబాయిగారు మళ్ళీ ఉలి తీశారు.

అయితే తగిలించడం ఎలా? ఇంతవరకు గుండ్రని బెజ్జంలో పుల్ల దూరుస్తున్నాం. పది సార్లు లాగేసరికి పొణికి మెత్తన కనుక బెజ్జం పెద్దదై తోక జారిపోతోంది. ఆవుతోక ఇప్పటికే మూడుసార్లు పడింది. మా వీధి వడ్రంగిని అడిగితే సొరుగుల మూలలు కలిపే పద్ధతి చెప్పారు: నాలుక మొదట్లో సన్నగా, చివర వెడల్పుగా కోసి, అదే ఆకారంలో గాడి తవ్వి, పక్కనుంచి జరపడం. వెనక్కి లాగితే రాదు, పక్కకు జరిపితేనే వస్తుంది. ఇంగ్లీషులో దీని పేరు డవ్‌టైల్. పావురం తోక విప్పుకున్నప్పుడు ఉండే ఆకారం.

జాబితాలో పావురం ఎలాగూ ఉంది. ఇప్పుడు పావురానికి వేరే బొమ్మ అక్కర్లేదు, ప్రతి బొమ్మ వెనకా పావురం తోక ఉంటుంది.

పొణికిలో ఆ అంచులు నిలవవు. అందుకని టేకు చెక్క చిన్న ముక్కల్లో గాడి తవ్వి, ఆ ముక్కను బొమ్మలో మక్కుతో కూర్చాం. నాలుక కూడా టేకే. వాలు ఆరుకు ఒకటి. అంతకంటే ఎక్కువ వాలు పెడితే నాలుక మూలలు రాలిపోతున్నాయి, తక్కువ పెడితే పట్టు ఉండటం లేదు. ఆరు గాడులు తవ్వడానికి రోజంతా పట్టింది. నా బొటనవేలికి ఒక గాటు.

పైకెత్తిన తోక నాలుక మీద ఏమీ రాయలేదు. ముడిచిన తోక నాలుక మీద కౌవర్డ్ అని రాశాం.

అక్టోబరు 11

గుర్రం. తక్కువలో తేల్చేద్దాం అనుకున్నాను కానీ అందరికంటే ఇదే నచ్చింది.

కర్టైల్ అంటే కుదించడం, తగ్గించడం. పిల్లలు తోక అని పట్టుకొచ్చిన మాటల్లో ఇదొక్కటే పూర్తిగా తప్పు కాదు. దాని అసలు రూపం కర్టల్, అంటే తోక కత్తిరించిన గుర్రం. కానీ ఆ మాటలో తోక అనే ముక్క లేదు. ఉన్నది పొట్టి అనే లాటిన్ మాట, దాని చివర ఒక ఫ్రెంచి ప్రత్యయం. తరువాతివాళ్ళు విని, తోక కోసిన గుర్రం కదా, ఇందులో తోక ఉండే ఉంటుంది అనుకుని చివరి అక్షరాలను టైల్‌గా మార్చేశారు. తోక లేని గుర్రం మాటకు తోక అతికించారన్నమాట.

తోకలు కత్తిరిస్తాం అని మన రాజకీయ నాయకులు మైకుల ముందు బెదిరించేది కూడా ఈ అర్థంలోనే. వాళ్ళు నిఘంటువు చూసి ఉండరు.

బాబాయిగారికి ఇది చెప్పగానే అర్థమైంది. "అయితే దీనికి గాడి వద్దు. మక్కుతో అతికిద్దాం. అతుకు మాత్రం రుద్దకుండా వదిలేస్తాను." ఆయన అతుకు కనబడేలా వదలడం ఇదే మొదటిసారి అట. ఒళ్ళంతా నున్నగా తెల్లగా ఉన్న గుర్రానికి వెనక గోధుమరంగు మక్కు వలయం. లాగినా ఊడదు.

అక్టోబరు 16

మూడు రోజులుగా ముసురు. మక్కు ఆరలేదు, ఆవుతోక మొదట్లో బూజు పట్టింది. అత్తయ్య పారేయమంటే పారేయలేదు. ఆ బూజును భూతద్దంలో చూపించి పిల్లలకు పెన్సిలిన్ కథ చెప్పాను. 1928లో లండన్‌లో ఫ్లెమింగ్ చూసిన బూజు పేరు పెనిసిలియం. దాని బీజాలు పట్టుకునే కాడ చివర చిన్న కుంచెలా చీలి ఉంటుంది, అందుకే ఆ పేరు. ఆ కుంచె ఎక్కడిదో వచ్చేవారం చెబుతానన్నాను.

అక్టోబరు 25

రంగుల రోజు. ముందు సుద్ద పూత, ఆరాక రంగు. ఉడుత వీపు మీద మూడు గీతలు పెట్టే హక్కు కోసం చీటీలు వేయాల్సి వచ్చింది.

ఉడుత ఇంగ్లీషు పేరు స్క్విరెల్, పలకడానికే నోరు తిరగదు. విప్పి చూస్తే ఎంత అందమో. గ్రీకులో స్కియా అంటే నీడ, ఊరా అంటే తోక. నీడతోక, తన తోక నీడలో తానే కూర్చునేది. గ్రీకు నుంచి లాటిన్‌కు, అక్కడినుంచి ఫ్రెంచికి, ఫ్రెంచినుంచి ఇంగ్లీషుకు వచ్చేసరికి గుర్తుపట్టలేనంతగా నలిగింది. మా పెరట్లో జామచెట్టు మీది ఉడుతను పొద్దున చాలాసేపు చూశాను. తోక వీపు మీదికి తెచ్చుకుని కాయ కొరుకుతోంది. ఎండ ఉంది, నీడ పడుతోంది. మా ఉడుతకు కూడా తోక అలాగే వీపు మీదికి వచ్చేలా పెట్టాం. నాలుక మీద మాట రాయడానికి నేనే కుంచె పట్టాను.

ఆ కుంచె బాబాయిగారు కట్టింది. మేక వెంట్రుకలు పదో పన్నెండో ఏరి, కొసలు సమానంగా పట్టి, సన్నని పుల్లకు దారంతో బిగించారు. దాన్ని పట్టుకోగానే వారం కిందటి బాకీ గుర్తొచ్చి పిల్లలను పిలిచాను.

లాటిన్‌లో చిన్న తోకకు పెనికులస్ అని పేరు. కుంచె అయినా చీపురు అయినా అదే మాట. ఇంకా చిన్నదైతే పెనిసిల్లస్. అదే ఫ్రెంచిలోకి, ఇంగ్లీషులోకి వెళ్ళి పెన్సిల్ అయింది. మొదట్లో పెన్సిల్ అంటే చిత్రకారుడి సన్నని కుంచే. సీసం పెన్సిల్ అని మనం పొరపాటున పిలిచే గ్రాఫైట్ పుల్లకు ఆ పేరు అంటుకున్నది తరువాత. యూరపులో మంచి కుంచెలను ఉడుత తోక వెంట్రుకలతో కట్టి, పక్షి ఈక కాడలో దూర్చి బిగించేవారు. పెన్ను అన్న మాట లాటిన్ పెన్నా నుంచి వచ్చింది, దాని అర్థం ఈక. పిల్లల డబ్బాలో పక్కపక్కనే పడుకునే పెన్నుకూ పెన్సిల్‌కూ చుట్టరికం లేదు. ఒకటి ఈక, ఒకటి తోక. కుంచెలో మాత్రం తోక ఈకలో కూర్చుంది.

ఈ చిన్న తోక మాటలకు మూలమైన లాటిన్ మాట ఏమిటని ఒకడు అడిగాడు. అది తరువాత డాక్టర్ల పుస్తకంలో వేరే అర్థంతో స్థిరపడింది, పై తరగతి జీవశాస్త్రంలో వస్తుందిలే అన్నాను. మా సైన్సు టీచరుకు ఈ భారం అప్పగించినందుకు ఆమెకు రేపు కాఫీ ఇప్పించాలి. అట్ట మీద మాత్రం చిన్న తోక అని రాశాం.

ఒక మాట రాసి పెట్టుకోవాలి: అంగట్లో ముంగిస వెంట్రుకల కుంచె అని ఒకటి చూపించబోయారు, వద్దన్నాను. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ముంగిసకు రక్షణ ఇస్తుంది, ఆ కుంచెల వ్యాపారం నేరం. నైలాన్‌ది 35 రూపాయలకు వచ్చింది. అది పనికిమాలినది, మేకదే బాగుంది.

నవంబరు 2, ఆదివారం

కుక్క అట్టకు నక్షత్రాల పటం గీయాలి. పుస్తకంలోంచి గీయకుండా ఆకాశంలోంచే గీద్దామని బుద్ధి పుట్టి, తెల్లవారుజామున అయిదింటికి డాబా ఎక్కాను. అత్తయ్య కూడా వచ్చింది, ఎలాగూ మెలకువే అంటూ.

ఈ రోజుల్లో సప్తర్షులు సాయంత్రం కనబడరు, తెల్లవారబోయే ముందు ఈశాన్యంలో లేస్తారు. నాలుగు చుక్కల మంచం బాగానే పైకి వచ్చింది. తోక మూడు చుక్కలు ఎదురింటి నీళ్ళ ట్యాంకు వెనక ఉన్నాయి. ఉత్తరాన ధ్రువనక్షత్రం పదహారున్నర డిగ్రీల ఎత్తులో ఉండాలి, విజయవాడ అక్షాంశం అంతే కనుక. ఉంది, మసగ్గా. కుక్కతోక కొస అదే.

సప్తర్షి మండలాన్ని గ్రీకులు పెద్ద ఎలుగుబంటి అన్నారు. ఆ మూడు చుక్కలు ఎలుగు తోక. నడిమి చుక్క వసిష్ఠుడు, ఆనుకుని ఉన్నది అరుంధతి. అంటే మన పెళ్ళిళ్ళలో పురోహితుడు కొత్త దంపతులను బయటికి తీసుకొచ్చి, పట్టపగలైనా సరే, చెయ్యెత్తి చూపించేది ఎలుగుబంటి తోకను.

అత్తయ్యకు చెప్పాను. "ఎలుగుబంటికి అంత తోక ఎక్కడ ఏడ్చింది అమ్మాయ్? బొడిపె కదా" అంది. ఆ మాట నిజమే. ఆకాశంలో పెట్టినవాళ్ళు ఎలుగును దగ్గరగా చూసి ఉండరు.

అయిదూ ఇరవై దాటాక వసిష్ఠుడు ట్యాంకు పక్కనుంచి బయటికొచ్చాడు. అరుంధతి నాకు కనబడలేదు. అత్తయ్య తనకు కనబడిందంది. ఆమె కళ్ళకు రెండేళ్ళ కిందట శుక్లాల ఆపరేషను అయింది, నాకు కాలేదు.

కోడి గురించి ఇక్కడే రాసేస్తాను. డెనెబ్ అనే చుక్క పేరు అరబ్బీలో తోక, కోడితోక అనే పేరులోని ముక్క. సింహరాశి చివర మన ఉత్తరఫల్గుణి నక్షత్రాన్ని డెనెబోలా అంటారు, సింహం తోక. మా ఆయనది ఉత్తర నక్షత్రం. తోక అని పిలిస్తే పలకడం లేదు.

నవంబరు 8

కప్ప ఒక్కటే మిగిలింది. దానికి తోక ఉండకూడదు. కప్పల జాతిని శాస్త్రంలో అనురా అంటారు, గ్రీకులో తోక లేనివి అని. ఉడుతలో ఉన్న ఊరాయే ఇక్కడ లేదు. గాడి తవ్వి ఖాళీగా వదిలేద్దాం అన్నారు పిల్లలు. వచ్చినవాళ్ళు తోక ఎక్కడ పడిపోయిందో అని బల్ల కింద వెతుకుతారట.

పక్కన తోకకప్పను పెట్టాం, మక్కుతో చేసింది. దీన్ని ఇంగ్లీషులో టాడ్‌పోల్ అంటారు. మధ్యయుగపు ఇంగ్లీషు మాటల్లో కప్ప, తల. ఆ పురుగులాంటి దాన్ని చూసి ఇంగ్లీషువాళ్ళు తల పట్టుకున్నారు, మనం తోక పట్టుకున్నాం. ఆకాశంలో తోకచుక్క దగ్గర కూడా అంతే. కామెట్ అంటే గ్రీకులో జుట్టు విరబోసుకున్నది. వాళ్ళకు జుట్టు కనబడింది, మనకు తోక. మిరియానికి కాడ మిగిలి ఉంటే చాలు, తోకమిరియం అన్నవాళ్ళం. తెలుగువాడి కన్ను ముందు వెనక్కి పోతుందేమో.

అత్తయ్య కప్పను తిప్పి చూసి, తోకలేని పిట్ట తొంభై ఆమడలు పోతుంది, ఏమిటది అని పిల్లలను అడిగింది. కప్ప అన్నారు, విమానం అన్నారు, డ్రోన్ అన్నారు. ఉత్తరం అని ఒక్కరూ చెప్పలేదు. చెప్పాక కూడా దానికి తోక ఎందుకుండాలి అని అడిగారు. నిజమే, ఎందుకుండాలి?

నవంబరు 13

లెక్క: పది అనుకున్నవి ఏడయ్యాయి. ఉడుత, సింహం, కుక్క, ఆవు, గుర్రం, కోడి, కప్ప. కోతి తప్పు, కుందేలు పొట్టి, పావురం గాడిలోకి వెళ్ళిపోయింది. ఖర్చు 2,310 రూపాయలు. బాబాయిగారు కూలి తీసుకోలేదు, రెండు తోకల సింహం లాంటిది ఇంకొకటి తన కోసం చేసుకున్నారు. దాని రెండో తోక ఎలా ఉందని అడిగితే, రెండూ పైకే ఉన్నాయన్నారు.

ఆవుతోకకు బూజు మళ్ళీ వచ్చింది, వేపాకు పొగ పెట్టాను. సింహం ముడిచిన తోక గాడిలో కాస్త బిగుసుకుంటోంది, సబ్బు రాస్తే జారుతోంది. కుక్క వంకర నిలిచే ఉంది. గుర్రం తోకను ఇద్దరు పిల్లలు పందెం వేసుకుని లాగారు, ఊడలేదు.

ఉడుత తోక రంగు మాత్రం రెండో పూత వేశాక ఇంకా తడిగానే ఉంది. ముట్టుకుంటే వేలికి అంటుతోంది. దాన్ని విడిగా నా టిఫిను డబ్బాలో నిలబెట్టి, రేపు పొద్దున ఏడింటికి ఆటోలో ఒళ్ళో పెట్టుకుని తీసుకెళ్ళాలి.